చిన్న వీడియో కెమెరాకు స్టెబిలైజేషన్ ఉన్న టెలీ జూమ్ లెన్స్ ఎంచుకోవడం ఎలా?

సంక్రాంతికి ముందు ఒకసారి, మహాశివరాత్రి తిరునాళ్లకు ముందు ఇంకోసారి, నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారి నుండి ఒకే ప్రశ్న వస్తూ ఉంటుంది: "చిన్న కెమెరా కొన్నాను, దూరం నుండి తీస్తే దృశ్యం ఊగిపోతోంది, ఏ జూమ్ లెన్స్ కొనమంటారు?" అడిగేవారిలో ఎడ్ల బండలాగుడు పోటీలు తీసే యువకులు, పెళ్లి వీడియోలు తీసేవారు, నేలపట్టు గూడబాతుల కోసం తెల్లవారుజామున బయలుదేరేవారు ఉంటారు. వీరందరికీ ఒకే లెన్స్ పేరు చెప్పడం కుదరదు. బరి పక్కన అద్భుతంగా పనిచేసే లెన్స్ కల్యాణమండపంలో చీకటి చూపించవచ్చు. అందువల్ల పేరుకు బదులు పద్ధతి చెబుతున్నాను. టెలీ జూమ్ అంటే దూరపు వస్తువును కావలసినంత దగ్గరగా చూపించే లెన్స్, స్టెబిలైజేషన్ అంటే చేతి వణుకును ఆపే ఏర్పాటు. దీన్ని వరుసగా పాటిస్తే మీకు సరిపడే లెన్స్ ఏదో మీరే తేల్చుకోగలుగుతారు.

కావలసినవి

మీ కెమెరా, దాని పూర్తి మోడల్ పేరు, ఒక కాగితం, కాలిక్యులేటర్. దూరం కొలవడానికి మీ అడుగులు చాలు. మామూలు మనిషి నాలుగు అడుగులు వేస్తే దాదాపు 3 మీటర్లు వస్తుంది. బరి లేదా చెరువు మరీ పెద్దదైతే ఫోన్‌లోని గూగుల్ మ్యాప్స్‌లో రెండు చోట్ల మధ్య దూరం కొలిచే సదుపాయాన్ని వాడుకోవచ్చు. పరీక్ష చేసే రోజున ఖాళీ మెమరీ కార్డు, ట్రైపాడ్, చిన్న టార్చిలైటు, తీసినదాన్ని పెద్ద తెర మీద చూడటానికి ల్యాప్‌టాప్ లేదా టీవీ అవసరమవుతాయి.

1. ముందుగా మీ కెమెరా సంగతి తేల్చుకోండి

మీ కెమెరాకు లెన్స్ ఊడుతుందా, లేదా? ఇది అడగడం అనవసరమని అనిపించవచ్చు గానీ, సోనీ జెడ్‌వీ-1, సోనీ జెడ్‌వీ-ఈ10 అనే రెండు పేర్లను ఒకటే అనుకుని లెన్స్ కొనబోయేవారు తరచుగా కనిపిస్తారు. మొదటిదానికి లెన్స్ ఊడదు, రెండోదానికి ఊడుతుంది. ఊడని కెమెరా ముందు మర బిగించి తగిలించే చవక టెలీ అద్దాలు దొరుకుతాయి. అవి అంచుల్లో రంగులు చిమ్మి, మధ్యలో కూడా మసక తెస్తాయి కనుక వాటి మీద డబ్బు పెట్టవద్దు.

లెన్స్ ఊడేదైతే మూడు వివరాలు కాగితం మీద రాసుకోండి. మొదటిది మౌంట్ (లెన్స్ బిగించే కంకణం) పేరు: సోనీకి ఈ మౌంట్, కెనాన్ కొత్త కెమెరాలకు ఆర్‌ఎఫ్, నికాన్‌కు జెడ్, ఫ్యూజీఫిల్మ్‌కు ఎక్స్, పానసోనిక్ జీ శ్రేణికి మైక్రో ఫోర్ థర్డ్స్. రెండోది సెన్సర్ (దృశ్యాన్ని పట్టే చిప్) వెడల్పు: సోనీ, నికాన్, ఫ్యూజీఫిల్మ్‌ల ఏపీఎస్-సీ (మధ్యస్థ సైజు సెన్సర్) కెమెరాల్లో సుమారు 23.5 మిల్లీమీటర్లు, కెనాన్ ఏపీఎస్-సీలో 22.3, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 17.3, ఫుల్ ఫ్రేమ్‌లో 36. మూడోది, బాడీలోనే సెన్సర్‌ను కదిలించే స్టెబిలైజేషన్ ఉందా అన్నది. సోనీ ఏ6700, ఎఫ్‌ఎక్స్30, కెనాన్ ఆర్7లలో అది ఉంది. సోనీ జెడ్‌వీ-ఈ10, ఏ6400, కెనాన్ ఆర్50, నికాన్ జెడ్30, బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కేలలో లేదు.

2. దూరం కొలిచి, ఎన్ని మిల్లీమీటర్లు కావాలో లెక్క కట్టండి

"200 చాలా, 350 కావాలా, 400 ఉంటే మంచిదా" అన్న చర్చ కొలత లేకుండా తెగదు. లెక్క చాలా తేలిక. మీరు నిలబడే చోటుకీ తీయవలసిన వస్తువుకీ మధ్య దూరాన్ని మీటర్లలో తీసుకుని, దాన్ని సెన్సర్ వెడల్పుతో హెచ్చవేసి, ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు పట్టాలనుకుంటున్నారో ఆ మీటర్లతో భాగించండి. వచ్చినదే మీకు కావలసిన ఫోకల్ లెంగ్త్ (లెన్స్ దూరాన్ని ఎంత దగ్గర చేస్తుందో చెప్పే అంకె), మిల్లీమీటర్లలో.

బండలాగుడు బరిని తీసుకుందాం. మీకు చోటు దొరికిన గట్టు నుండి ఎడ్ల వరకు 60 మీటర్లు అనుకోండి. ఎడ్ల జత, వెనుక బండ, తోలే మనుషులు అందరూ కనిపించాలంటే 8 మీటర్ల వెడల్పు కావాలి. ఏపీఎస్-సీ కెమెరాలో 60ని 23.5తో హెచ్చవేసి 8తో భాగిస్తే 176 వస్తుంది. అంటే 210 మి.మీ. వరకు వెళ్లే చవక లెన్స్ సరిపోతుంది. అదే ఎడ్ల తలలు, కాడి, ముక్కుతాళ్ల బిగువు మాత్రమే ఫ్రేమ్ నిండా కావాలంటే 4 మీటర్ల వెడల్పు చాలు, అప్పుడు 350 మి.మీ. కావాలి. ఒకే బరి, ఒకే చోటు. మీరు చూపించదలచుకున్నదాన్ని బట్టి లెన్స్ మారిపోయింది.

కల్యాణమండపం చివరి వరుస నుండి వేదిక వరకు 15 మీటర్లు ఉంటే, తలంబ్రాలు పోసుకునే ఇద్దరినీ నడుము నుండి పైకి 2 మీటర్ల వెడల్పులో పట్టడానికి 176 మి.మీ. చాలు. నాలుగైదు అడుగులు ముందుకు జరగగలిగితే 135 కూడా చాలుతుంది.

పక్షుల విషయంలో మాత్రం ఈ లెక్క నిర్మొహమాటంగా ఉంటుంది. 2022లో తిరుపతి జిల్లాలో చేరిన నేలపట్టులో, నీటి కడప చెట్ల మీద గూళ్లు కట్టిన గూడబాతులు మీకు 80 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుంటే, 350 మి.మీ. వద్ద ఫ్రేమ్ వెడల్పు దాదాపు 5.4 మీటర్లు ఉంటుంది. గూడు, తల్లి, పిల్ల స్పష్టంగా పడతాయి. పులికాట్ ఒడ్డు నుండి 300 మీటర్ల దూరంలో మేసే ఫ్లెమింగోలను అదే లెన్స్‌తో తీస్తే ఫ్రేమ్ వెడల్పు 20 మీటర్లు, ఎత్తు 11 మీటర్ల పైచిలుకు. మీటరుంబావు ఎత్తు పక్షి అందులో పదో వంతు మాత్రమే ఉంటుంది. గుంపు అందం వస్తుంది గానీ ఒక్క పక్షి కన్ను రాదు. 5 కిలోమీటర్ల దూరం నుండి పీఎస్‌ఎల్‌వీ ప్రయోగాన్ని తీసేవారికి కూడా ఇదే మాట: 350 మి.మీ. ఫ్రేమ్ అక్కడ 336 మీటర్ల వెడల్పు, సుమారు 189 మీటర్ల ఎత్తు ఉంటుంది, రాకెట్ ఎత్తు 44 మీటర్లు. ఇది తెలిసి కొంటే తరువాత బాధ ఉండదు.

హెచ్చరిక: కొన్ని కెమెరాలు 4కేలో సెన్సర్‌ను పూర్తిగా వాడవు. జెడ్‌వీ-ఈ10 సెకనుకు 25 ఫ్రేముల 4కేలో పూర్తి వెడల్పు వాడుతుంది. 30 ఫ్రేములకు మారిస్తే 1.23 రెట్లు కోత పడుతుంది, అంటే 23.5 కాస్తా 19 అవుతుంది. మీరు నిజంగా వాడే సెట్టింగుతోనే లెక్క కట్టండి. దగ్గరి వైపు కూడా మరచిపోవద్దు. ఎడ్లు తిరిగి మీ వైపు వచ్చేసరికి 100 మి.మీ. నుండి మొదలయ్యే లెన్స్‌లో ఫ్రేమ్ బయటికి పోతాయి.

3. స్టెబిలైజేషన్ లెన్స్‌లోనే ఉండేలా చూసుకోండి

ఈ వ్యాసంలో ఒక్క అంగ మాత్రమే పాటించగలిగితే ఇదే పాటించండి. ఫొటో తీసేవారు 350 మి.మీ. వద్ద షటర్ స్పీడ్‌ను 1/500కు పెంచి (షటర్ సెకనులో 500వ వంతు మాత్రమే తెరిచి ఉండేలా) చేతి వణుకు నుండి తప్పించుకుంటారు. వీడియోలో ఆ దారి లేదు. సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు కదలిక సహజంగా కనిపించడానికి షటర్‌ను 1/50 వద్ద ఉంచుతాం, మన 50 హెర్ట్జ్ కరెంటు లైట్ల మినుకు పడకుండా ఉండటానికి కూడా అదే అనుకూలం. కాబట్టి వణుకును లెన్స్ ఆపవలసిందే.

బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే చాలదా అని అడుగుతారు. తక్కువ ఫోకల్ లెంగ్త్‌లో చాలుతుంది. చేయి అర డిగ్రీ కదిలితే 30 మి.మీ. లెన్స్ వెనుక దృశ్యం పావు మిల్లీమీటరు మాత్రమే జరుగుతుంది, 300 మి.మీ. వెనుక 2.6 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంత దూరం సెన్సర్‌ను పరుగెత్తించడం కష్టం. లెన్స్‌లోని అద్దాల వరుస ఈ పనిని తేలికగా చేస్తుంది. రెండూ ఉండి, కలిసి పనిచేసే జత దొరికితే ఇంకా మంచిది. పానసోనిక్ 100-300 రెండో తరం లెన్స్‌ను అదే సంస్థ తాజా బాడీల మీద పెడితే అలా కలిసి పనిచేస్తుంది.

కెమెరా మెనూలో యాక్టివ్ అనో డిజిటల్ అనో కనిపించే ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ వేరే సంగతి. అది తీసేసిన ఫ్రేములను కోసి, జరిపి సరిచేస్తుంది. 1/50 సెకను పాటు షటర్ తెరిచి ఉన్నప్పుడు పడిన మసకను అది తుడవలేదు. అందుకే ఆ వీడియోలో గోపురం కదలకుండా నిలబడినా, దాని అంచులు మాత్రం ఒక క్షణం పదునుగా, మరుక్షణం మసకగా కొట్టుకుంటూ ఉంటాయి. పైగా కోత పడటంతో ఫ్రేమ్ ఇరుకవుతుంది.

లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉందో లేదో పేరు మీదే రాసి ఉంటుంది. సోనీ ఓఎస్‌ఎస్ అని, కెనాన్ ఐఎస్ అని, నికాన్ వీఆర్ అని, పానసోనిక్, ఫ్యూజీఫిల్మ్ ఓఐఎస్ అని, ట్యామ్రాన్ వీసీ అని, సిగ్మా ఓఎస్ అని రాస్తాయి. అక్షరాలు చదవకుండా కొనవద్దు. ట్యామ్రాన్ సోనీ మౌంట్‌కు చేసిన 70-300లో స్టెబిలైజేషన్ లేదు. 2020లో వచ్చిన 70-180 ఎఫ్ 2.8లో లేదు, 2023లో వచ్చిన దాని రెండో తరంలో ఉంది. పాత సరుకుగా దొరికే 70-180 ఏ తరానిదో అడగకుండా డబ్బు ఇచ్చి, జెడ్‌వీ-ఈ10కు తగిలించుకుంటే, చేతిలో పట్టుకుని తీయడానికి అది పనికిరాదు.

పెట్టె మీద "5 స్టాప్‌లు" వంటి అంకెలుంటాయి. స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం అయ్యే ఒక మెట్టు. జపాన్ కెమెరా పరిశ్రమ సంఘం సీఐపీఏ పద్ధతిలో నిశ్చల ఛాయాచిత్రాలకు కొలిచిన అంకెలు అవి. రెండు లెన్స్‌లను పోల్చుకోవడానికి కొంత ఉపయోగమే గానీ, వీడియోలో ఎలా ఉంటుందో అవి చెప్పవు. అది 7వ అంగలో మీరే చూస్తారు.

4. వెలుతురును లెక్కలోకి తీసుకోండి

తక్కువ ధర టెలీ జూమ్‌లు దూరపు చివర ఎఫ్ 6.3 లేదా ఎఫ్ 7.1 వద్ద ఆగుతాయి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది). పగటి వెలుగులో బరికీ చెరువుకీ ఇది లోటే కాదు. మండపంలో మాత్రం లోటే. ఎఫ్ 2.8 లెన్స్‌తో ఐఎస్‌ఓ 1600 (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయి) సరిపోయిన చోట ఎఫ్ 6.3 లెన్స్‌కు దాదాపు 8000 కావాలి. పట్టుచీర జరీ స్థానంలో గింజల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. పెళ్లిళ్లే మీ ప్రధాన జీవనాధారమైతే 350 ఆశ వదిలి, ఎఫ్ 2.8 లేదా ఎఫ్ 4 స్థిరంగా ఉండే 70-180, 70-200 తరహా లెన్స్ వైపు చూడండి. డబ్బు చాలకపోతే కొనవద్దు, ముహూర్తాలున్న రోజులకు అద్దెకు తెచ్చుకోండి. నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్లలో పెళ్లి వీడియోలు తీసేవారు తమలో తాము లెన్స్‌లు అద్దెకు ఇచ్చుకోవడం మామూలే కనుక తెలిసిన స్టూడియోలో అడిగి చూడండి.

ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) మారే లెన్స్‌లో జూమ్ చేస్తుంటే వెలుతురు మెట్లు మెట్లుగా తగ్గడం కనిపిస్తుంది. దీనికి తేలిక ఉపాయం ఉంది: మొదటి నుండీ లెన్స్ దూరపు చివర ఉండే అంకెనే (ఎఫ్ 6.3 లాంటిది) పెట్టి ఉంచండి, అప్పుడు ఏ ఫోకల్ లెంగ్త్‌లోనూ మార్పు ఉండదు.

ఎర్రటి ఎండలో సమస్య తిరగబడుతుంది. 1/50, ఐఎస్‌ఓ 100 వద్ద ఎఫ్ 22 అడిగే ఎండలో ఎఫ్ 6.3 వాడాలంటే దాదాపు 4 స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి అద్దం), అంటే ఎన్‌డీ 16 కావాలి. లాగ్ ప్రొఫైల్ (తరువాత రంగులు సరిచేసుకోవడానికి తీసే పద్ధతి) వాడేవారికి కనీస ఐఎస్‌ఓ ఎక్కువ కాబట్టి ఎన్‌డీ 64 దాకా వెళ్లాలి. లెన్స్ బడ్జెట్‌లోనే దీన్నీ కలుపుకోండి. చవక వేరియబుల్ (తిప్పి తగ్గింపు మార్చుకునే) ఎన్‌డీలు టెలీ చివర పదునును తినేస్తాయి. అక్కడ ఒకే స్థాయి ఎన్‌డీ నయం.

5. బరువు, ఆధారం

జెడ్‌వీ-ఈ10 బరువు 343 గ్రాములు, సోనీ 70-350 బరువు 625 గ్రాములు. లెన్స్ కెమెరా కంటే దాదాపు రెండింతలు. ఎడమచేతిని లెన్స్ కింద పెట్టి, మోచేయి పక్కటెముకలకు ఆనించి పట్టుకోవాలి. గ్రిప్‌ను మాత్రమే పట్టుకుని వేలాడదీస్తే వణుకు రెట్టింపవడమే కాకుండా మౌంట్ మీద భారం పడుతుంది. స్టెబిలైజేషన్ ఆపేది వేళ్ల వణుకును. మీరు నిలబడి ఊగడాన్ని, ఊపిరిని, పక్కవాడి తోపును కాదు. అందువల్ల మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) కూడా కొనండి. గుంపులో ట్రైపాడ్ కాళ్లు చాపడానికి చోటు దొరకదు, మోనోపాడ్‌కు దొరుకుతుంది. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ రోజుల్లో తీసేవారికి ఇది బాగా తెలుసు. ఏదీ లేకపోతే బియ్యం నింపి కుట్టిన చిన్న గుడ్డసంచిని పిట్టగోడ మీదో కారు కిటికీ మీదో వేసి, దాని మీద లెన్స్ ఆనించండి. పక్షులకు ఇది ట్రైపాడ్‌తో సమానంగా పనిచేస్తుంది.

గింబల్ (మోటార్లతో కెమెరాను నిలకడగా ఉంచే పట్టు) మీద పెట్టదలచుకుంటే, జూమ్ చేసినప్పుడు గొట్టం ముందుకు సాగే లెన్స్ వద్దు. సాగిన ప్రతిసారీ తూకం తప్పుతుంది.

6. రెండు మూడు పేర్లు మాత్రమే జాబితాలో మిగల్చండి

పై లెక్కలు అయ్యాక చాలా లెన్స్‌లు వాటంతట అవే రాలిపోతాయి. సోనీ ఏపీఎస్-సీకి తక్కువ డబ్బుతో 55-210 ఓఎస్‌ఎస్, 345 గ్రాములు. పాత సరుకుగా దొరికితే మొదటి లెన్స్‌గా మంచి ఎంపిక. బరికీ పక్షులకూ కలిపి ఒకటే కొనాలంటే 70-350 జీ ఓఎస్‌ఎస్‌నే నేను మొదట చెబుతాను, దానికి దుమ్ము, తేమ తట్టుకునే కట్టుదిట్టం కూడా ఉంది. లెన్స్ మార్చడానికి తీరిక దొరకని వార్తల పనికి ట్యామ్రాన్ 18-300 వీసీ సరిపోతుంది, బండ పక్కన దుమ్ములో లెన్స్ విప్పే అవసరం రాదు. దూరపు చివర పదును మాత్రం కొంత వదులుకోవాలి. కెనాన్ ఆర్50 వారికి ఆర్‌ఎఫ్-ఎస్ 55-210 ఐఎస్ 270 గ్రాములే, కానీ దూరపు చివర ఎఫ్ 7.1, పక్షులకైతే ఆర్‌ఎఫ్ 100-400 ఐఎస్, 635 గ్రాములు. నికాన్ జెడ్30కు 50-250 వీఆర్, 405 గ్రాములు. ఫ్యూజీఫిల్మ్‌కు 70-300 ఓఐఎస్. మైక్రో ఫోర్ థర్డ్స్ వారికి 200 గ్రాముల 45-150 ఓఐఎస్, లేదా ముందు చెప్పిన 100-300.

ఎడాప్టర్ పెట్టి వేరే మౌంట్ పాత లెన్స్ వాడదామనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. లెన్స్‌లోని స్టెబిలైజేషన్‌కు కరెంటు కెమెరా నుండే వస్తుంది. బంగారు రంగు కాంటాక్ట్‌లు లేని చవక ఎడాప్టర్ ఆ కరెంటును అందించదు, స్టెబిలైజేషన్ చచ్చినట్టే.

7. డబ్బు ఇచ్చే ముందు మీ కెమెరా మీదే పరీక్షించండి

దుకాణంలో ఫొటో తీసి చూపిస్తే ఒప్పుకోవద్దు. మీ కెమెరాకు తగిలించి, వీడియో మోడ్‌లో, 25 ఫ్రేములు, షటర్ 1/50, జూమ్ పూర్తిగా దూరపు చివర ఉంచి, ఈ వరుసలో చిన్న ముక్కలు తీయండి.

చేతిలో పట్టుకుని, దూరంగా ఉన్న అక్షరాల బోర్డు మీద 20 సెకన్లు స్టెబిలైజేషన్ ఆన్‌లో, 20 సెకన్లు ఆఫ్‌లో తీయండి. స్విచ్ కొన్నింటికి గొట్టం మీద ఉంటుంది, కొన్నింటికి కెమెరా మెనూలో మాత్రమే ఉంటుంది. రెండింటికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపించకపోతే లెన్స్‌లో లోపమైనా ఉండాలి, మెనూలో ఏదో ఆగిపోయి అయినా ఉండాలి.

తరువాత నెమ్మదిగా పక్కకు తిప్పుతూ ఒక మోటారుసైకిల్‌ను వెంబడించండి. ఇక్కడ జాగ్రత్తగా చూడండి. కొన్ని లెన్స్‌లు మీరు తిప్పడం మొదలుపెట్టిన క్షణాన దాన్ని కూడా వణుకే అనుకుని దృశ్యాన్ని పట్టుకుని ఉంచుతాయి. అద్దం తన హద్దుకు చేరగానే దృశ్యం ఒక్కసారిగా గెంతుతుంది, ఆపినప్పుడు మళ్లీ ఒక చిన్న వెనుక జారుడు ఉంటుంది. బరి చివర ఎడ్లను తిప్పుకునే వేళ, జనం ఈలలు వేసే ఆ రెండు క్షణాల్లోనే ఈ గెంతు వచ్చిపడి మొత్తం షాటును పాడుచేస్తుంది. లెన్స్‌కు మోడ్ 2 (తిప్పే దిశను వదిలి మిగతా వణుకును ఆపే అమరిక) ఉంటే అది పెట్టి మళ్లీ తీయండి. మోడ్ 2 లేని లెన్స్ గెంతుతుంటే, వెంబడించే షాట్లకు మోనోపాడ్ వేసి స్టెబిలైజేషన్ ఆపివేయగలరా అని చూసుకోండి.

ట్రైపాడ్ మీద పెట్టి, స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంచి ఒక నిమిషం తీయండి. ఇంటికి వచ్చాక ల్యాప్‌టాప్ తెర మీద ఏదైనా అంచు దగ్గర చిన్న కాగితపు ముక్క అంటించి చూస్తే, దృశ్యం నెమ్మదిగా జారుతోందా అన్నది తెలిసిపోతుంది. జారితే ఆ లెన్స్‌కు ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆపడం తప్పనిసరి.

ఫోకస్‌ను మాన్యువల్‌లో నిలిపి దగ్గరి చివర నుండి దూరపు చివరకు జూమ్ చేయండి. ఫొటోల కోసం చేసిన జూమ్‌లలో చాలావాటికి ఫోకస్ తప్పుతుంది. ఇది లోపం కాదు, స్వభావం. జూమ్ చేసి, ఆగి, మళ్లీ ఫోకస్ పట్టి తీయడం అలవాటు చేసుకోవాలి.

చివరగా నిశ్శబ్దంగా ఉన్న గదిలో కెమెరా సొంత మైకుతో ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్‌తో వినండి. స్టెబిలైజేషన్ మోటారు సన్నని రొద వినిపిస్తే బయటి మైకు తప్పదు.

8. పాత లెన్స్ కొనేవారికి

లెన్స్ రెండు మూతలూ తీసి, టార్చిని వెనుక నుండి ఏటవాలుగా వేసి ముందు నుండి చూడండి. సాలెపోగుల్లాంటి సన్నని గీతలు కొమ్మలుగా విడిపోయి కనిపిస్తే అది ఫంగస్. ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. నాలుగైదు దుమ్ము రేణువులు మాత్రం వీడియోలో కనిపించవు, వాటిని చూసి భయపడవద్దు. గొట్టాన్ని పూర్తిగా సాచి మెల్లగా కదిపి చూడండి, లూజు ఎక్కువగా ఉంటే కింద పడిన సరుకు అయి ఉండవచ్చు. మౌంట్ మరల తలలు గీసుకుపోయి ఉన్నాయేమో గమనించండి. ఉంటే ఎవరో విప్పారన్నమాట. కొత్తదైతే సీరియల్ నంబరుతో బిల్లు, భారతదేశంలో చెల్లే వారంటీ అడిగి తీసుకోండి. బిల్లు లేకుండా కొంత తగ్గించి ఇస్తామంటే, ఆ తగ్గింపు వారంటీ ఖరీదేనని గుర్తించండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

లెన్స్ మసకగా తీస్తోందని ఫిర్యాదు చేసేవారిలో చాలామందికి లెన్స్ బాగానే ఉంటుంది. ఉదయం 10 దాటాక ఉప్పుమళ్ల మీద, తారురోడ్డు మీద, పులికాట్ నీటి అంచున గాలి మరుగుతుంది, 300 మి.మీ. దాటిన ఏ లెన్స్‌లోనైనా దూరపు వస్తువు అలలుగా కదులుతుంది. ఖరీదైన లెన్స్ దీన్ని సరిచేయదు. తేల్చుకోవడానికి అదే లెన్స్‌తో, అదే సెట్టింగులతో 10 మీటర్ల దూరంలోని ఇటుక గోడను తీయండి. ఇటుకల గరుకుదనం స్పష్టంగా కనిపిస్తే తప్పు గాలిది. పక్షులను సూర్యోదయం తరువాతి రెండు గంటల్లోనే తీయండి.

తీసినదాన్ని ఫోన్ తెర మీద చూసి బాగుందనుకోవడం మరొక పొరపాటు. అంత చిన్న తెర మీద వణుకూ మసకా దాక్కుంటాయి. టీవీ మీద చూసినప్పుడు బయటపడేసరికి తిరిగి ఇచ్చే గడువు దాటిపోయి ఉంటుంది.

జూమ్‌ను ఎప్పుడూ చివరిదాకా తిప్పి ఉంచడం కూడా మానుకోవాలి. 350 లెన్స్‌ను 300 దగ్గర, ఎపర్చర్ ఒక స్టాప్ మూసి వాడితే చాలా లెన్స్‌లు పదునుగా తీస్తాయి, వణుకు కూడా తగ్గుతుంది. వీలైతే నిర్వాహకులను అడిగి పది మీటర్లు దగ్గరకు వెళ్లండి. అది ఏ లెన్స్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ ఇస్తుంది. పక్షుల దగ్గర మాత్రం ఈ సలహా వర్తించదు. గూళ్ల వైపు జరగడం వల్ల తల్లి లేచిపోతుంది, గుడ్లు ఎండకు గురవుతాయి. అక్కడ దూరాన్ని లెన్స్‌తోనే తీర్చుకోవాలి, తీరకపోతే వదిలేయాలి.

మన తీరానికి తగిన సంరక్షణ

మైపాడు, కొత్తపట్నం వంటి చోట్ల తీశాక అదే సాయంత్రం గొట్టాన్ని నీటితో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ తరువాత పొడి గుడ్డతో తుడవండి. ముందు అద్దాన్ని మాత్రం మొదట గాలిబుడ్డితో ఊదాలి. ఉప్పు, ఇసుక ఉండగా రుద్దితే పూత మీద గీతలు పడతాయి. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, పక్షుల కాలం కూడా అప్పుడే మొదలవుతుంది. ఆ నెలల్లో లెన్స్‌ను తోలు సంచిలో మూసి బీరువాలో పెట్టవద్దు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పాటు ఉంచి, జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వేయండి. వారానికి ఒకసారైనా బయటికి తీసి, జూమ్ రింగును చివరి నుండి చివరకు తిప్పి, టార్చితో ఒకసారి లోపల చూడండి.